గోడ మీద 1954: మన మూడూళ్ళ పాత డాబాల గురించి మీకు తెలుసా?

తెనాలి గంగానమ్మపేటలోనో, బాపట్ల రథంబజారులోనో, రేపల్లె పాత వీధుల్లోనో నడుస్తున్నప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. కొట్ల బోర్డులకూ ఫ్లెక్సీలకూ పైన, పిట్టగోడ నడుమ, సిమెంటుతో తీర్చిన కిరీటంలాంటిది ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. అందులో ఇంటాయన తల్లిదో తండ్రిదో పేరు, పక్కనే 'నిలయం' అనో 'సదనం' అనో ఒక మాట, దాని కింద ఒక సంవత్సరం. 1949, 1954, 1961. అటూ ఇటూ రెండు చిలకలో, ఏనుగులో, లేకపోతే రాట్నమో నాలుగు సింహాలో. వీటిని 'పాత డాబా' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. కూలగొట్టేటప్పుడు కూడా అదే మాట అంటాం. ఆ డాబాలు దాచుకున్న సంగతులు కొన్ని ఇవి.

ఆ అంకె ఏ రాష్ట్రానిదో మీకు తెలుసా?

గోడ మీద 1952 అని ఉంటే ఆ ఇల్లు మద్రాసు రాష్ట్రంలో కట్టింది. 1957 అని ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో కట్టింది. 1954, 1955 అని ఉంటే మాత్రం కాస్త ఆగి చూడాలి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయిన ఆంధ్ర రాష్ట్రం కాలానిదన్నమాట. ఆ రాష్ట్రం బతికింది మూడేళ్ళా ఒక నెల. హైకోర్టు అప్పుడు గుంటూరులోనే ఉండేది. ఆ మూడేళ్ళలో పోసిన సంవత్సరం అంకెలు ఎన్ని మిగిలాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇల్లు కదలలేదు గానీ దాని చిరునామా మారుతూనే ఉంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా వచ్చాక రేపల్లె, బాపట్ల అటు వెళ్ళాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

ఇదే కాలపు ఇళ్ళకు అమెరికాలో ఒక ముద్దుపేరుంది

'మిడ్ సెంచురీ మోడరన్'. కారా గ్రీన్‌బర్గ్ అనే రచయిత్రి 1984లో వేసిన పుస్తకంతో ఈ పేరు జనంలోకి వెళ్ళింది. అప్పటిదాకా అక్కడా అవి పాత ఇళ్ళే. పేరు పెట్టాక వాటికి గిరాకీ వచ్చింది, చూడటానికి మనుషులు వచ్చారు, వెల పెరిగింది. 1951లో షికాగో సరస్సు ఒడ్డున మీస్ వాన్ డెర్ రోహె అనే వాస్తుశిల్పి గాజూ ఉక్కూ కలిపి 26 అంతస్తుల జంట అపార్ట్‌మెంట్లు నిలబెట్టాడు. అదే ఏడు తెనాలి రైతు తొలిసారి ఇంటిమీద స్లాబు పోయించడమా వద్దా అని మేస్త్రితో తర్జనభర్జన పడుతున్నాడు. నా లెక్కలో రెండూ ఒకే కథలో రెండు గదులు. సిమెంటూ ఇనుమూ మనిషి ఇంట్లోకి వచ్చిన కథ అది.

రంగూన్ పడిపోవడానికీ మన ఇంటి కప్పు మారడానికీ సంబంధం ఉంది

మన పెద్దలు దూలాన్ని తట్టి చూపిస్తూ 'బర్మా టేకురా' అనేవాళ్ళు. ఆ గొంతులో గర్వం వినిపించేది. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళు రంగూన్‌ను 'రంగం' అని పిలుస్తూ అక్కడికి వెళ్ళి కూలీనాలీ చేసిన కాలంలోనే, ఆ రంగం నుంచి టేకు దుంగలు ఓడల మీద మన రేవులకు వచ్చేవి. రేవు నుంచి లోపలికి రావటానికి పడవ దారి ఉండేది. మద్రాసు నుంచి కాకినాడ దాకా బకింగ్‌హాం కాలువ, కొమ్మమూరు కాలువ, డెల్టా కాలువలు ఒకదానికొకటి కలిసి ఉండేవి. కలప, సున్నం, ధాన్యం అన్నీ ఆ నీళ్ళమీదే నడిచాయి. తూర్పు కాలువ, పడమర కాలువ, నిజాంపట్నం కాలువ మూడూ ఊళ్ళోంచే పోతుంటే తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నారంటే అనరా మరి!

1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌ను పట్టుకుంది. టేకు రావటం ఆగింది. యుద్ధం ముగిసినా ఆ రాక మళ్ళీ మునుపటిలా సాగలేదు. దూలం దొరకనప్పుడు, దొరికినా కొనలేనప్పుడు, దూలం అక్కర్లేని కప్పు వైపు మనుషులు చూశారు. ఇనప చువ్వలు వేసి సిమెంటు కాంక్రీటు పోసిన స్లాబు మన ఊళ్ళలో నిలదొక్కుకోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

సిమెంటు స్లాబు కంటే ముందే మనకు డాబా ఉంది

దీన్ని మద్రాసు టెర్రస్ అంటారు. చూడటానికి చదునైన డాబాయే, లోపల సిమెంటు మాత్రం గరిటెడు కూడా ఉండదు. గోడల మీద టేకు దూలాలు వేసి, వాటిమీద దగ్గర దగ్గరగా వాసాలు పరుస్తారు. వాసాల మీద పల్చటి చిన్న ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, సున్నంతో అతికిస్తూ మూలనుంచి ఏటవాలుగా పేర్చుకుంటూ వస్తారు. కింద సెంట్రింగ్ కూడా ఉండదు. పక్క ఇటుకను పట్టుకునే కొత్త ఇటుక నిలబడుతుంది. దానిమీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన మందమైన పొర. ఇక అప్పుడు మొదలవుతుంది అసలు పని.

ఆ పొరను కొట్టాలి. ఆడకూలీలు వరసగా కూర్చుని చేతిలో చెక్క దిమ్మిసలతో ఒకే లయలో రోజుల తరబడి కొడతారు. ఒకామె పాట అందుకుంటే మిగిలినవాళ్ళు దిమ్మిస దెబ్బతో వంత పలుకుతారు. మధ్యమధ్య బెల్లం నీళ్ళు, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తారు. దిమ్మిస ఎగిరిపడి 'టంగు'మని గట్టి చప్పుడు వచ్చేదాకా దెబ్బ ఆగదు. సున్నం కూడా అలాంటి ఇలాంటి సున్నం కాదు. గుండ్రటి గాడిలో ఎద్దులు రాతి చక్రాన్ని తిప్పుతుంటే ఇసుకతో కలిసి వెన్నలా నలిగిన గానుగ సున్నం.

కొన్నాళ్ళ క్రితం తెనాలిలో అలాంటి కప్పును పడగొడుతుంటే చూశాను. ముందు గదిమీదున్న సిమెంటు స్లాబు పొద్దున్నే కూలిపోయింది. వెనక గది సున్నపు కప్పు మాత్రం మధ్యాహ్నం దాకా లొంగలేదు. గునపం పెట్టిన చోట పెచ్చు లేచిందే గానీ పగలలేదు. ఒక ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. ఇటుక ఎర్రగా, సున్నం పాలమీగడ రంగులో, నడుమ ఎవరో చేత్తో అదిమిన వేలి గుర్తు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఏళ్ళు గడిచేకొద్దీ మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. సన్న పగుళ్ళను తనే పూడ్చుకుంటుంది. అందుకే దానికి వయసు బలమవుతుంది. దాన్ని కొట్టిన ఆడవాళ్ళ పేర్లు ఏ కిరీటంలోనూ లేవు.

స్లాబు మీద వరిమడి

కొత్తగా పోసిన స్లాబు ఎండకు పగలకుండా తడి ఆరనివ్వకూడదు. అందుకు మేస్త్రీలు స్లాబంతా చిన్న చిన్న గట్లు పోసి, మడులు కట్టి, నీళ్ళు నిలబెడతారు. అది ఇప్పటికీ ఉంది. వరి పండించే డెల్టాలో ఆ మాటకు వేరే వివరణ అవసరం లేదు. సెంట్రింగ్ కింద నిలబెట్టే బాదుల కోసం కూడా దూరం వెళ్ళక్కర్లేదు, బాపట్ల ఇసుక తీరంలో పెరిగే సరుగుడు ఉంది.

సిమెంటుకు పర్మిట్ కావాలి

ఇది ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సిమెంటు మీద వచ్చిన ప్రభుత్వ అదుపు ఏదో ఒక రూపంలో దశాబ్దాల పాటు నడిచింది. 1966లో ఎత్తేశారు, 1968లో మళ్ళీ పెట్టారు. 1982 ఫిబ్రవరి 28న కొంత సడలించారు. పూర్తిగా తీసేసింది 1989 మార్చి 1న. అదుపున్నన్నాళ్ళూ ఇల్లు కట్టుకునేవాడు అర్జీ పెట్టి, తిరిగి, అడిగి పర్మిట్ తెచ్చుకోవాలి. పర్మిట్‌లో రాసిన బస్తాలకు మించి కావాలంటే బ్లాకులో కొనాలి.

ఆ కాలపు ఇళ్ళలో మీకు వింతగా తోచే చాలా విషయాలకు జవాబు ఇక్కడుంది. గోడ ఎందుకు సున్నంతో కట్టి, కప్పు మాత్రమే సిమెంటుతో వేశారు? మెట్లు సగంలో ఎందుకు ఆగాయి? మేడ మీద గది కోసమని స్తంభాల్లోంచి వదిలిన చువ్వలు ఎందుకు తుప్పుపట్టి అలాగే ఆకాశంలోకి చూస్తున్నాయి? ప్రతిసారీ డబ్బే కారణం కాదు. చాలాసార్లు బస్తాలు రాలేదు.

మాచర్ల సిమెంటు వెనక రేపల్లె మనిషి

కేసీపీ కంపెనీ 1958లో మాచర్లలో సిమెంటు కర్మాగారం మొదలుపెట్టింది. పల్నాడు సున్నపురాయి మీద కట్టిన ఆ ఫ్యాక్టరీ అప్పటి గుంటూరు జిల్లాలోనిదే. ఆ కంపెనీని పెంచి పెద్ద చేసిన వెలగపూడి రామకృష్ణ రేపల్లె ప్రాంతంలోని బెల్లంవారిపాలెం వాడు. ఐసీఎస్ ఉద్యోగం చేసి పరిశ్రమల్లోకి వచ్చినాయన. జిల్లాకు పడమటి కొసన రాయి, తూర్పు కొసన మనిషి.

ముందు డాబా, వెనక పెంకుటిల్లు

మన మూడూళ్ళలోని మధ్య శతాబ్దపు ఇంటికి ఇంతకంటే కచ్చితమైన గుర్తు లేదు. వీధి వైపు రెండు గదులూ వరండా స్లాబుతో, నున్నగా, కొత్తగా. లోపలికి వెళితే వంటిల్లూ నడవా పాత పెంకుల కిందే. డబ్బు ఎంతవరకు వచ్చిందో, సిమెంటు ఎంతవరకు వచ్చిందో ఆ గీత దగ్గర తెలిసిపోతుంది. వానాకాలంలో ఆ రెండు కప్పులూ కలిసే చోటే కురుస్తుంది. ప్రతి ఇంట్లో ఆ చోట ఒక ఇత్తడి గిన్నె ఉండేది.

మండువా లోగిళ్ళున్న ఇళ్ళలో మార్పు ఇంకోలా జరిగింది. నాలుగు వైపులా చూరు నీళ్ళు పడే ఆ నడిమి ఖాళీని మూసేసి పైన స్లాబు పోశారు. దాని పేరు 'హాలు' అయింది. వాన ఇంట్లో పడటం ఆగింది, వెలుతురూ ఆగింది. పగలే లైటు వేసుకునే ఇళ్ళు అప్పుడు మొదలయ్యాయి.

పెంకుల గురించి ఒక ముక్క. నాటు గూన పెంకు పోయి పల్చటి పలక పెంకు వచ్చినప్పుడు మనవాళ్ళు కొందరు మంగళూరు పెంకు అన్నారు, ఎక్కువమంది బెంగుళూరు పెంకు అన్నారు. మొదటివాళ్ళదే సరి. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో పెట్టిన కర్మాగారంతో ఆ పెంకు మన దేశంలో మొదలైంది. రెండు ఊళ్ళ పేర్లూ చెవికి ఒకేలా తగిలితే ఏం చేస్తాం, బెంగుళూరే నిలిచిపోయింది.

తెనాలి గోడ ఎందుకు చీలుతుంది, బాపట్ల గోడ ఎందుకు చీలదు?

నేల తేడా. తెనాలి, రేపల్లెల కింద ఉన్నది కృష్ణమ్మ తెచ్చి పోసిన నల్లమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఏటా ఇల్లు కాస్త పైకి లేచి, కాస్త కిందికి దిగుతుందన్నమాట. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు ఆ ఊపిరి గుర్తు. బాపట్ల ఉన్నదేమో సముద్రం ఒకప్పుడు తీరంలో వదిలి వెళ్ళిన ఇసుక మేటల మీద. ఇసుక ఉబ్బదు. మన మేస్త్రీలకు ఈ లెక్క తెలుసు. తెనాలిలో పునాది తవ్వితే అడుగున ఇసుక నింపి, తడిపి, దిమ్మిస కొట్టి, దానిమీద కట్టడం మొదలుపెట్టేవాళ్ళు. ఊరి కింద లేని ఇసుకను బండ్ల మీద తెచ్చి ఇంటి కింద పరవడమే వాళ్ళు చేసింది. తరువాత రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నల్లరేగడి కోసం అడుగున గుండులా ఉబ్బిన పైల్ పునాదిని తయారుచేసింది.

అయితే బాపట్లకు ఇంకో శత్రువుంది

ఉప్పుగాలి. సూర్యలంక సముద్రం ఊరికి పది కిలోమీటర్ల లోపే. ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా దిగి లోపలి చువ్వను చేరుతుంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలు దాటిపోతుంది. అంత చోటు లోపల ఉండదు కాబట్టి కింది పొరను పగలదోసుకుని బయటికి వస్తుంది. మనం 'స్లాబు పెచ్చులూడుతోంది' అనేది దీన్నే. అప్పట్లో కొందరు ఉప్పుబావి నీళ్ళతోనే కాంక్రీటు కలిపారు. మంచినీళ్ళు తాగడానికే చాలని ఊళ్ళలో ఇంకేం చేస్తారు? ఆ ఇళ్ళలో ఉప్పు బయటనుంచి రానక్కర్లేదు, పుట్టుకతోనే ఉంది.

మీ ఇంటి స్లాబు పెచ్చులూడుతుంటే ఒక మాట. పైపైన సిమెంటు పూసి సున్నం కొట్టించకండి. తుప్పుపట్టిన చువ్వను బయటపెట్టి, గీకి, తుప్పు ఆపే మందు వేశాకే మూయాలి. లేకపోతే లోపల పని సాగుతూనే ఉంటుంది.

ఉప్పెన రాత్రి

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన అని లోకం అంటుంది గానీ, కృష్ణకు ఈ పక్క రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరమూ ఆ రాత్రి నరకం చూసింది. ప్రభుత్వ లెక్కలోనే మృతులు దాదాపు పదివేలు. తాటాకు ఇళ్ళు నీళ్ళ మీద తేలిపోయాయి. మట్టిగోడలు నానిపోయి జారిపోయాయి. ఆ రాత్రి డాబా ఎక్కగలిగినవాడు బతికాడు అని తీరపు ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊరికి ఒకటో రెండో ఉన్న స్లాబు ఇళ్ళ మీద, ఎవరి ఇల్లు, ఏ కులం అని చూడకుండా జనం కిక్కిరిసి నిలబడ్డారని చెబుతారు.

డాబా అంటే అప్పటిదాకా హోదా. ఆ రాత్రి నుంచి ప్రాణం. తీరమంతా తుఫాను షెల్టర్లు లేచాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1990 మే నెలలో వచ్చిన పెను తుఫాను కూడా కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పుడు పోయిన ప్రాణాలు వెయ్యి లోపే. ముందుగా జనాన్ని తరలించడం దానికి పెద్ద కారణం. తరలించాలంటే గట్టి కప్పున్న చోటు ఉండాలి గదా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే ఒడ్డెక్కింది.

మనకు అపార్ట్‌మెంట్ లేనప్పుడు 'వాటా' ఉండేది

'రెండు వాటాల ఇల్లు', 'వెనక వాటా ఖాళీగా ఉంది'. ఈ మాట వినని మధ్యతరగతి మనిషి ఈ మూడూళ్ళలో లేడు. ఒకే కప్పు కింద మూడు నాలుగు కుటుంబాలు. బావి ఒకటే, దొడ్డి ఒకటే, మెట్లు ఒకటే. టీచర్లు, రైల్వే గుమాస్తాలు, తాలూకాఫీసు ఉద్యోగులు, 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాలకు బదిలీ మీద వచ్చినవాళ్ళు అందరూ వాటాల్లోనే బతికారు. ఎవరింట్లో ఏం తాలింపు వేశారో గోడ అవతలివాళ్ళకు తెలిసేది. రేడియో ఒక వాటాలో ఉంటే చాలు, 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం అందరికీ వినిపించేది.

ఇంటి కరువు ఎంత ఉండేదంటే అద్దెకు చట్టం కావలసి వచ్చింది. మద్రాసు రాష్ట్రపు 1949 చట్టం, దాని స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం. ఇల్లు ఖాళీ అయితే యజమాని ఆ సంగతి అధికారికి రాతపూర్వకంగా తెలపాలన్న నిబంధన కూడా అందులో ఉండేది. ఇక ఫ్లాటు అనే సరుకును కొని రిజిస్టర్ చేసుకోవడానికి ప్రత్యేకమైన అపార్ట్‌మెంట్ల చట్టం మన రాష్ట్రంలో 1987లో గానీ రాలేదు.

నాకు ఒకటనిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో పది కుటుంబాలు ఉంటాయి, వాటాల ఇంట్లోనూ మూడు నాలుగు ఉండేవి. అక్కడ బావి గట్టు కలిపింది. ఇక్కడ కలపడానికి లిఫ్టు ఉంది, అందులో ఎవరూ అరనిమిషం మించి ఉండరు.

ఆడపిల్ల పుట్టింటి గోడ

1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి ఆస్తిలో హక్కు ఇచ్చింది. అయితే ఆ చట్టం 23వ సెక్షన్ ఒక తలుపు మూసింది. తండ్రి వీలునామా రాయకుండా పోయి, ఇంట్లో కుటుంబమే నివసిస్తుంటే, మగ వారసులు పంచుకోవాలని తలచేదాకా ఆడ వారసురాలు ఆ ఇంటిని పంచమని అడగకూడదు. పెళ్ళికానిదో, భర్త వదిలేసినదో, విడిగా ఉంటున్నదో, వితంతువో అయితే ఉండే హక్కు మాత్రం ఉంది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా ఆంధ్రప్రదేశ్ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చి దేశానికి దారి చూపింది. అప్పుడూ ఈ సెక్షన్ కదల్లేదు. 2005లో పార్లమెంటు చట్టాన్ని సవరించినప్పుడే అది తొలగింది.

పాత ఇళ్ళ నడుమ, హాలును రెండుగా కోస్తూ, ఒకే కిటికీని సగం సగం చేస్తూ కట్టిన గోడలు చూసే ఉంటారు. అన్నదమ్ముల గోడలవి. ఆ ఇంట్లో పుట్టిన అక్కచెల్లెళ్ళకు ఆ గోడకు అటూ చోటు లేదు, ఇటూ లేదు. ఆ గోడ లేచేదాకా వాళ్ళు ఇంటిని పంచమని అడగకూడదన్నది దాదాపు యాభై ఏళ్ళు చట్టమే.

వెనక సందు దేనికి?

పాత పేటల్లో రెండు వరసల ఇళ్ళ వీపుల మధ్య మనిషి పట్టేంత సన్న సందు ఉంటుంది. ఇప్పుడు దాన్ని మురుగుసందు అంటున్నారు, కొందరు కలిపేసుకున్నారు. దాన్ని వదిలింది పెరటి చివరి మరుగుదొడ్డిని చేత్తో ఎత్తిపోసే మనుషుల కోసం. వాళ్ళు వీధి గుమ్మంలోంచి రాకూడదని. సెప్టిక్ ట్యాంకు వచ్చి, దొడ్డి ఇంట్లోకి వచ్చాక ఆ సందుకు పని లేకుండా పోయింది. ఆ పని చేయించడాన్ని దేశం నేరంగా ప్రకటించింది 1993లో. మన పాత ఇంటి అందం గురించి మాట్లాడేవాడెవడైనా ఈ సందును దాటవేయకూడదు. చిలకల కిరీటం వీధి వైపుంది, ఈ సందు దాని వెనకే ఉంది.

గేటు మీద పొద్దుపొడుపు

ఇనప గేటులో సగం సూర్యుడు, చుట్టూ కిరణాలు. బాల్కనీ మూల గుండ్రంగా తిరగడం, దానికింద అడ్డంగా మూడు గీతలు. ఇవి ఆర్ట్ డెకో గుర్తులు. బొంబాయి మెరైన్ డ్రైవ్‌లో ఇదే శైలిలో కట్టిన వరసలను యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన మేస్త్రీలెవరూ ఆర్కిటెక్చర్ బడికి పోలేదు. మద్రాసులో, బెజవాడలో చూసొచ్చిన మేడల్ని గుర్తుపెట్టుకుని తాపీతో గీశారు. గుండ్రటి బాల్కనీకి లతలు చుట్టారు, గీతల నడుమ శంఖుచక్రాలు పెట్టారు. అది మనదైపోయింది.

'బంగళా' అనే మాట కూడా ఇక్కడిదే

బెంగాల్ వైపు ఇల్లు అని అర్థం. ఇంగ్లీషువాళ్ళు ఎత్తుకుపోయి బంగలో చేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో మధ్యతరగతి ఆ పేరుతో ఊళ్ళకు ఊళ్ళే కట్టుకుంది. అక్కడ ఇల్లు కొంటున్న తెనాలి పిల్లలు ఈ సంగతి ఏజెంట్‌కు ధీమాగా చెప్పొచ్చు.

డాబా మీద వేసవి

సాయంత్రం అయిదింటికి బావినీళ్ళు తోడి డాబా మీద కుమ్మరించటం పిల్లల పని. మొదటి బకెట్టు నీళ్ళకు కప్పు బుస్సుమనేది, ఆవిరి మొహానికి కొట్టేది. మూడో బకెట్టుకు వాసన మారేది. ఏడింటికల్లా చాపలు, నవారు మంచాలు పైకెక్కేవి. మందపు గోడ పగలంతా తాగిన వేడిని రాత్రి లోపలికి వదులుతుంది. గదిలో పడుకోలేకపోవడానికి, అందరూ డాబా ఎక్కడానికి అదే కారణం. పిట్టగోడ మీదుగా పక్కింటి పిట్టగోడతో మాట్లాడుకుంటూ, రేడియో ఏరియల్ తీగ కింద నక్షత్రాలు చూస్తూ నిద్రపోయిన తరం ఇంకా మన మధ్యే ఉంది. వాళ్ళను అడగండి.

ఈ ఇళ్ళకు రక్షణ ఉందా?

లేదు. మన దేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద ఒక కట్టడాన్ని రక్షించాలంటే దానికి కనీసం నూరేళ్ళు నిండాలి. 1954లో కట్టిన డాబా 2054 దాకా ఆగాలి. అమెరికాలో చారిత్రక స్థలాల జాతీయ జాబితాకు మామూలుగా చూసే వయసు యాభై ఏళ్ళే. అందుకే అక్కడ ఆ కాలపు ఇళ్ళకు బిళ్ళలు కొడుతున్నారు, ఇక్కడ పొక్లెయిన్ తెస్తున్నారు.

కట్టినవాళ్ళ పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటే, పన్ను కట్టి, కురిసే కప్పుకు మరమ్మతు చేయించి కాపాడమని వాళ్ళను నిలదీసే హక్కు నాకు లేదు. సెంటు భూమి ధర చూస్తే అపార్ట్‌మెంట్‌కు ఇవ్వడం తప్పని కూడా అనను. అడిగేది చిన్న పని. పడగొట్టే ముందు రోజు పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, ముందు నుంచీ వెనక నుంచీ నాలుగు ఫొటోలు తీయండి. గదుల కొలతలు ఒక కాగితం మీద గీయండి. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే తాపీమేస్త్రి పేరేంటి, ఏ ఊరివాడు, కలప ఎక్కడిది అని అడిగి ఆ కాగితం వెనక రాయండి. పిట్టగోడ మీది ఆ సంవత్సరం పలకను మాత్రం పగలగొట్టనివ్వకండి. చుట్టూ కోసి దింపించి, కొత్త అపార్ట్‌మెంట్ మెట్ల పక్కన గోడలో పెట్టించండి. మేస్త్రికి ఒక పూట పని.